లారీ మెట్టు రేకుతో గిటార్ పెడల్ డబ్బా: ముందు చదును, తర్వాతే చిల్లు

(వీడియో ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇవి. చదవడానికి వీలుగా అక్కడక్కడ సర్దాం.)

విస్సన్నపేట నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశా. ఇవాళ టేబుల్ మీద మూడు వస్తువులున్నాయి, చూడండి. ఒకటి, చిన్న అల్యూమినియం డబ్బా. రెండు, లారీ ఎక్కేటప్పుడు కాలు పెట్టే మెట్టు ఉంటుంది కదా, దాని మీద గింజల్లా పైకి లేచిన డిజైన్ ఉన్న రేకు ముక్క. మూడోది నా ఎడమ బొటనవేలు. దీని మీద మూడు కుట్ల మచ్చ ఉంది. ఈ మూడింటి మధ్య జరిగిన కథే ఇవాళ్టి ఎపిసోడ్.

గిటార్ పెడల్ అంటే తెలియని వాళ్ళ కోసం ఒక్క నిమిషం. ఎలక్ట్రిక్ గిటార్‌కి, ఆంప్లిఫయర్‌కి మధ్యలో పెట్టే చిన్న డబ్బా అది. లోపల సర్క్యూట్ ఉంటుంది, పైన కాలితో నొక్కే స్విచ్ ఉంటుంది. నొక్కితే సౌండ్ మారుతుంది: గరగరలాడటమో, ఎకో రావడమో, నీళ్ళలో ఊగినట్టు ఉండటమో. ఈ గరగర పుట్టుక కూడా ఒక యాక్సిడెంటే. 1961లో అమెరికాలో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డింగ్‌లో మిక్సింగ్ బోర్డు ఛానల్ ఒకటి పాడైంది. దాంతో బేస్ గిటార్ బొంగురుగా వచ్చింది. తీసేయకుండా అలాగే ఉంచేశారు. జనానికి నచ్చింది. ఆ సౌండ్‌ని కావాలనుకున్నప్పుడు తెప్పించేలా 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పెడల్ వచ్చింది. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ డబ్బా గుండ్రంగా ఉంటుంది. మైక్ స్టాండ్ అడుగున ఉండే దిమ్మని చూసి ఆ ఆకారం తట్టిందట. అంటే మొదటినుంచీ ఈ పని చేసేవాళ్ళు చేతికి దొరికిన ఇనుమునే చూసుకున్నారు. మనకి చేతికి దొరికేది ఏంటి? లారీ మెట్టు రేకు!

అసలు మెటల్ డబ్బా ఎందుకు?

నేను చేసిన మొదటి పెడల్ ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టా. నవ్వకండి. బీటెక్ చదివాం, సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాం, సర్క్యూట్ కరెక్ట్‌గా ఉంటే చాలు, డబ్బాదేముంది అనుకున్నా. మా ఫ్రెండ్ ఒకడు ఇక్కడే చర్చిలో గిటార్ వాయిస్తాడు. వాడికిచ్చా. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “రేయ్, నీ డబ్బా ఆన్ చేస్తే పాట కంటే ఫ్యాను ఎక్కువ వినపడుతోందిరా” అన్నాడు.

విషయం ఏంటంటే, గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. వోల్టులో పదో వంతు, అటూ ఇటూగా. ఫజ్ పెడల్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. గోడలో వైర్లు, ఫ్యాన్ రెగ్యులేటరు, ట్యూబ్‌లైటు, అన్నిట్నుంచీ 50 హెర్ట్జ్ కరెంటు తాలూకు ఎలక్ట్రిక్ ఫీల్డ్ గాల్లో ఉంటుంది. సర్క్యూట్ దాన్ని కూడా పట్టుకుని వందల రెట్లు పెంచేస్తుంది. సర్క్యూట్ చుట్టూ మెటల్ గోడ కట్టి, ఆ గోడని సర్క్యూట్ గ్రౌండ్‌కి కలిపామనుకోండి, ఆ ఫీల్డ్ గోడ దగ్గరే ఆగిపోతుంది. ఫారడే కేజ్ అంటారు, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే.

ఇక్కడ ఒక చిన్న నిజం. అల్యూమినియం డబ్బా ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని బాగా ఆపుతుంది కానీ, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే మాగ్నెటిక్ ఫీల్డ్‌ని ఆపలేదు. 50 హెర్ట్జ్ దగ్గర అల్యూమినియం స్కిన్ డెప్త్ దాదాపు 12 మిల్లీమీటర్లు. మన డబ్బా గోడ 2 మిల్లీమీటర్లు. కాబట్టి పెడల్‌ని పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టి, మెటల్ డబ్బాయే కదా, హమ్ ఎందుకొస్తోంది అని నన్ను అడగొద్దు. దూరంగా జరపండి, అంతే.

ఈ రేకు ఏంటి, ఎక్కడ దొరుకుద్ది?

దీన్ని షాపులో చెకర్ ప్లేట్ అంటారు. బస్సు ఫుట్‌బోర్డు మీద, లారీ మెట్ల మీద, ఫ్యాక్టరీల్లో నడిచే దారుల మీద వేస్తారు. డిజైన్ అందం కోసం కాదు, కాలు జారకుండా. ఇనుప చెకర్ ప్లేటుకి మన దేశంలో ఐఎస్ 3502 అని ఒక స్టాండర్డ్ కూడా ఉంది. అల్యూమినియంలో అయితే ఒకే గింజ అటూ ఇటూ ఏటవాలుగా ఉండే డిజైన్, ఐదేసి గీతల గుంపులు ఒకటి నిలువు ఒకటి అడ్డం ఉండే డిజైన్, ఇలా రకాలున్నాయి.

విస్సన్నపేటలో మామిడి తోటలు, ట్రాక్టర్ ట్రక్కులు ఎన్ని కావాలంటే అన్ని ఉంటాయి కానీ అల్యూమినియం చెకర్ ప్లేట్ ముక్కలు మాత్రం నాకు దొరకలేదు. విజయవాడ ఆటోనగర్ వెళ్ళా. 1960ల నుంచి లారీ బాడీలు కట్టే చోటు అది. బాడీ కట్టాక మిగిలిన కత్తిరింపు ముక్కల్ని కిలోల లెక్కన ఇస్తారు. పెడల్‌కి కావాల్సింది అరచేతిలో సగం. ఒక్క కిలో ముక్కలు తెచ్చుకుంటే ఏడాది గడిచిపోద్ది.

కొనేటప్పుడు మూడు చూడండి.

ఒకటి, అయస్కాంతం జేబులో పెట్టుకెళ్ళండి. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకపోతే అల్యూమినియం అయ్యే ఛాన్స్ ఎక్కువ, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా అతుక్కోదు, కాబట్టి చేత్తో బరువు కూడా చూడండి. లెక్క చెప్తా. 122 బై 66 మిల్లీమీటర్ల ముక్క, 2 మిల్లీమీటర్ల మందం అల్యూమినియంలో 45 గ్రాముల దగ్గర ఉంటుంది. అదే సైజు 5 మిల్లీమీటర్ల ఇనుప ముక్క 300 గ్రాములు దాటిపోద్ది. ఇనుముతో చెయ్యొచ్చు. కానీ డ్రిల్ బిట్లు అరిగిపోతాయి, తుప్పు పడుతుంది, బ్యాగ్ మోసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

రెండు, రేకు వెనక్కి తిప్పి చూడండి. అసలైన చెకర్ ప్లేట్ వెనక వైపు చదునుగా ఉంటుంది. ఇంకో రకం ఉంది, ఎంబోస్డ్ షీట్. దానికి ముందు ఎక్కడ బుడిపె ఉందో వెనక అక్కడ గుంట ఉంటుంది. అది పల్చటి రేకు. పైన అతికించుకోవడానికి బాగుంటుంది కానీ, కాలితో తొక్కే స్విచ్‌ని దాని మీదొక్కటే నిలబెట్టకూడదు.

మూడు, మందం. 2 మిల్లీమీటర్ల చెకర్ ప్లేట్ అంటే అడుగు రేకు 2 మిల్లీమీటర్లు. పైకి లేచిన గింజ ఎత్తు ఆ లెక్కలో ఉండదు. నా ముక్క మీద గింజ ఇంకో మిల్లీమీటరు దగ్గర ఉంది. మీది వెర్నియర్ పెట్టి కొలవండి. ఈ ఒక్క మిల్లీమీటరే నా కొంప ముంచింది, ఎలాగో చెప్తా.

మందాల లెక్క

డబ్బా మొత్తం చెకర్ ప్లేట్‌తోనే వంచి చెయ్యొచ్చు కదా అని అడుగుతారు. చెయ్యొచ్చు. కానీ వంపు మీద గింజ పడిన చోట మందం ఎక్కువ, గింజ లేని చోట తక్కువ. అందుకని వంపు సమానంగా రాదు, గట్టి రకం అల్యూమినియం అయితే గింజ అంచున పగులుతుంది. అందుకే నేను వేరే దారి పట్టా. మామూలు 125బి సైజు పోత అల్యూమినియం డబ్బా కొన్నా. దాని పైన చెకర్ ప్లేట్‌ని టోపీలాగా బిగించా. షీల్డింగ్ డబ్బా చూసుకుంటుంది, పట్టు, లుక్కు చెకర్ ప్లేట్ చూసుకుంటుంది.

ఇప్పుడు చిక్కు. వాల్యూమ్ తిప్పే పొటెన్షియోమీటర్ ఉంది కదా, దానికి మరలున్న మెడ ఒకటి ఉంటుంది. డబ్బా లోపల్నుంచి చిల్లులోకి దూర్చి, పైన నట్టు బిగిస్తాం. చిన్న పాట్‌లకి ఆ మెడ దాదాపు 6 నుంచి 7 మిల్లీమీటర్లు. లెక్క వెయ్యండి. డబ్బా గోడ 2. చెకర్ ప్లేట్ 2. గింజ 1. వాషర్ అర. నట్టు 2. మొత్తం ఏడున్నర. మెడ చాల్లేదు! నట్టుకి ఒకట్రెండు మరలే అందుతాయి. పది రోజులు తిప్పితే ఊడి చేతికొస్తుంది.

పైగా నట్టు గింజ మీద కూర్చుంటే ఒకవైపే ఆనుతుంది. కుర్చీకి ఒక కాలు కింద రాయి పెట్టినట్టు. మనం గట్టిగానే బిగించాం అనుకుంటాం, కానీ అది ఊగుతూనే ఉంటుంది. కాలితో తొక్కే స్విచ్‌కి ఇది ఇంకా డేంజర్. ఒక్క పాటలో ఎన్నిసార్లు తొక్కుతారు? ప్రతి తొక్కుడికీ నట్టు వెంట్రుకవాసి వదులవుతుంది. స్విచ్ మొత్తం తిరగడం మొదలైతే లోపల వైర్లు మెలికపడి తెగుతాయి.

నేను చేసిన మూడు తప్పులు

ఇదంతా తెలియకముందు ఏం చేశానో చెప్తా.

మొదటి తప్పు. టెంప్లేట్ కంప్యూటర్లో నీట్‌గా గీసుకున్నా, ప్రింట్ తీశా. చెకర్ ప్లేట్ ముందువైపు గరుకు కదా, కాగితం అతుక్కోదు. తెలివిగా వెనక చదును వైపు అతికించా. అన్నీ మార్క్ చేసి, చిన్న చిల్లులు పెట్టి తిప్పి చూస్తే, కుడివైపు ఉండాల్సిన ఎల్‌ఈడీ ఎడమవైపు ఉంది! అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడింది. వెనక నుంచి మార్క్ చేస్తే టెంప్లేట్‌ని మిర్రర్ చెయ్యాలి. ఆరేళ్ళు కోడ్ రాసినవాడికి ఇది తట్టలేదంటే చూడండి. కోడ్‌లో అయితే కంట్రోల్ జెడ్ కొడతాం. రేకులో చిల్లుకి అది లేదు.

రెండో తప్పు. ఇంకో ముక్క తీసుకుని ఈసారి ముందువైపు నుంచే డ్రిల్ పెట్టా. చిల్లు సెంటరు సరిగ్గా ఒక గింజ వాలు మీద పడింది. బిట్ మొన చదును మీద నిలబడుతుంది కానీ వాలు మీద నిలబడదు. పక్కకి జారిపోయింది. రెండు మిల్లీమీటర్లు తేడా. నాలుగు చిల్లులు, నాలుగూ నాలుగు దిక్కులు.

మూడో తప్పు, బొటనవేలు. పెద్ద చిల్లు పెట్టేటప్పుడు రేకు చిన్నదే కదా అని ఎడం చేత్తో పట్టుకున్నా. పల్చటి రేకులోంచి బిట్ అవతలికి దాటే క్షణంలో అది రేకుని కొరికి పట్టేసుకుంటుంది. అంతే, రేకు ఫ్యాన్ రెక్కలా తిరిగింది. అంచు బొటనవేలికి తగిలింది. మూడు కుట్లు. నెలరోజులు గిటార్ ముట్టుకోలేదు. మా అమ్మ అయితే “ఉన్న ఉద్యోగం మానేసి రేకులు కోసుకుంటున్నాడు, ఇప్పుడు వేళ్ళు కూడా కోసుకున్నాడు” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఆవిడ బాధ నిజమే. నవ్వుతూ చెప్తున్నాను కానీ, ఇంకో అంగుళం పక్కకి పడుంటే నరం తెగేది. ఎడం బొటనవేలు లేకపోతే గిటార్ మెడ పట్టుకోలేం.

మేస్త్రి చెప్పిన మాట

కుట్లు విప్పాక పాడైన ముక్కలన్నీ సంచిలో వేసుకుని ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్ళా. అక్కడ ఉన్న పెద్ద మేస్త్రి గారు ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

“ఏంది బాబూ ఇది? ఎలక కొరికినట్టుంది.”

“గిటార్ పెట్టె బాబాయ్. చిల్లు ఎక్కడ పెట్టినా పక్కకి పోతోంది.”

“పోదా మరి. గుట్ట మీద గుంజ పాతుతున్నావ్. నేల చదును చెయ్యకుండా గుంజ నిలబడుద్దా?”

అంతే. వారం రోజులు వీడియోలు చూసి నాకు అర్థం కానిది, ఒక్క ముక్కలో తేల్చేశారు. ముందు చదును, తర్వాత చిల్లు.

ఆయన చేసింది చూడండి. చెక్క దిమ్మ మీద రేకుని పెట్టి, రెండు వైపులా క్లాంపులు బిగించి, మిల్లింగ్ మిషన్ బల్ల మీద పెట్టారు. స్విచ్ రావాల్సిన చోటుకి బల్లని జరిపి లాక్ చేశారు. 20 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ పెట్టారు. అది చదును అడుగున్న కట్టర్. మెల్లగా దించితే గింజలు రజను రజనుగా రాలిపోయి, నాణెం సైజులో గుండ్రటి చదును మచ్చ ఒకటి తేలింది. గింజ మాయమై అడుగు రేకు కనపడగానే ఆపేశారు, ఇంకా లోపలికి తవ్వలేదు. తవ్వితే రేకు పల్చబడి బలం పోతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. బల్లని కదపకుండానే ఎండ్ మిల్ తీసి సెంటర్ డ్రిల్ పెట్టారు. చిన్న గుంట. తర్వాత 12 మిల్లీమీటర్ల బిట్. బల్ల కదల్లేదు కాబట్టి చదును మచ్చకి, చిల్లుకి ఒకే సెంటర్. ఇప్పుడు వాషర్ నాణెం మీద నాణెం పెట్టినట్టు కూర్చుంది. చుట్టూ గింజల డిజైన్, మధ్యలో తళతళలాడే గుండ్రటి మచ్చ. ఇది రిపేరులా లేదు, కావాలని చేసిన డిజైన్‌లా ఉంది.

స్పీడ్ ఎంత పెట్టాలని నేను అడిగా. ఆయన చెవితో పెడతారు, మిషన్ చప్పుడు బట్టి. మనకి ఆ చెవి లేదు కాబట్టి లెక్క. హెచ్ఎస్ఎస్ బిట్‌తో అల్యూమినియం కోసేటప్పుడు అంచు వేగం నిమిషానికి 60 మీటర్లు అనుకోండి. 60 వేలని, బిట్ సైజుని 3.14తో గుణించగా వచ్చినదాంతో భాగించండి. 20 మిల్లీమీటర్లకి 950 ఆర్‌పీఎం, 12కి 1600, 7కి 2700 దగ్గర వస్తుంది. సైజు పెరిగే కొద్దీ స్పీడు తగ్గాలి. మనవాళ్ళు చిన్న బిట్‌కి, పెద్ద బిట్‌కి ఒకే స్పీడు పెట్టేస్తారు, అక్కడే వస్తుంది తంటా.

ఇంకోటి, అల్యూమినియం మెత్తటిది. వేడెక్కితే బిట్ పళ్ళకి బంకలా అతుక్కుంటుంది. అప్పుడు బిట్ కొయ్యడం మానేసి రుద్దడం మొదలెడుతుంది. మేస్త్రి గారు బ్రష్‌తో కిరోసిన్ రాస్తూ కోశారు. రజను ముక్కలు విడివిడిగా రాలుతుంటే పని బాగా జరుగుతున్నట్టు. కిరోసిన్ కాబట్టి దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు.

మిల్లింగ్ మిషన్ లేనివాళ్ళు ఏం చెయ్యాలి?

అందరికీ లేత్ షాపు అందుబాటులో ఉండదు. ఇంట్లో డ్రిల్ ఉంటే ఇలా చెయ్యండి.

టెంప్లేట్‌ని మిర్రర్ చేసి ప్రింట్ తియ్యండి, వెనక చదును వైపు అతికించండి. ప్రింట్ తీశాక స్కేలు పెట్టి కొలవండి. ప్రింటర్ సైజు తగ్గించేస్తే అన్నీ తప్పుతాయి. సెంటర్ పంచ్‌తో ప్రతి పాయింట్ మీద ఒక్క దెబ్బ. కింద చెక్క దిమ్మ, రెండు క్లాంపులు. చేత్తో పట్టుకోవడం లేదు, నా బొటనవేలు మీద ఒట్టు. ముందు 3 మిల్లీమీటర్ల చిల్లు వెనక నుంచి పెట్టండి. ఇప్పుడు ఆ చిన్న చిల్లు దారి చూపిస్తుంది కాబట్టి, పెద్ద బిట్ గింజ మీదకి జారదు.

పెద్ద చిల్లుకి మామూలు బిట్ వద్దు. పల్చటి రేకులో మామూలు బిట్ గుండ్రంగా కాకుండా మూడు మూలల చిల్లు చేస్తుంది. స్టెప్ డ్రిల్ వాడండి. మెట్లు మెట్లుగా గోపురంలా ఉంటుంది. మెల్లగా ఒక్కో మెట్టూ దిగుతుంది, చిల్లు గుండ్రంగా వస్తుంది.

చదును మచ్చ సంగతేంటి? రెండు దారులున్నాయి. ఒకటి, లేత్ షాపులో చిన్న కట్టర్ చేయించుకోండి. మధ్యలో చిల్లులోకి దూరే పుల్ల, చుట్టూ చదునుగా కోసే పళ్ళు. స్టాండ్ ఉన్న డ్రిల్‌కి పెట్టి తక్కువ స్పీడులో దించితే గింజలు పోతాయి. ఓపికుంటే ఆకురాయితో కూడా రాయొచ్చు కానీ గుండ్రం రాదు.

రెండో దారి, నాకు బాగా నచ్చింది. పైన టోపీ రేకులో చిల్లు పెద్దది పెట్టేయండి. పాట్ నట్టు వెడల్పు 10 మిల్లీమీటర్లు. దాన్ని బిగించే బాక్స్ స్పానర్ కూడా దూరాలి కాబట్టి 16 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. అప్పుడు నట్టు టోపీ మీద కాదు, లోపలి డబ్బా మీదే నేరుగా కూర్చుంటుంది. మందం లెక్కలోంచి టోపీ 2, గింజ 1 తీసెయ్యండి. ఏడున్నర కాస్తా నాలుగున్నర అయింది. మెడ ఇంకా మిగిలింది! పైన 19, 20 మిల్లీమీటర్ల నాబ్ పెడితే చిల్లు కనపడదు కూడా. నేను చివరికి చేసింది ఇదే: పాట్‌లకి పెద్ద చిల్లు, స్విచ్‌కి మేస్త్రి గారి చదును మచ్చ. స్విచ్ మెడ పొడుగు కాబట్టి దానికి మందం ఇబ్బంది లేదు.

టోపీని డబ్బాకి నాలుగు మూలలా 3 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించండి. డబ్బా గోడలో మరలు కొడితే నాలుగు చుట్లే పట్టు దొరుకుతుంది కాబట్టి, లోపల నట్లు పెట్టడమే మంచిది. కోసేముందు ఇంకో చిన్న పని. కాగితంలో టోపీ సైజు కిటికీ కత్తిరించి రేకు మీద అటూ ఇటూ జరిపి చూడండి. డిజైన్ రెండు వైపులా సమానంగా, స్విచ్ సెంటర్ గింజల మధ్య పడే చోటు చూసుకుని అక్కడ కొయ్యండి. ఐదు గీతల డిజైన్ పెద్దది. 66 మిల్లీమీటర్ల వెడల్పులో రెండు మూడు గుంపులే పడతాయి. ఇష్టమొచ్చినట్టు కోస్తే వంకరగా కనపడుతుంది.

చెప్పులు లేని కాలు

విదేశీ వీడియోల్లో ఈ మాట చెప్పరు. వాళ్ళు బూట్లతో వాయిస్తారు. మనం? చర్చిలో చెప్పులు బయట. గుడి దగ్గర కచేరీ అయినా అంతే. మా ఫ్రెండ్ వట్టి కాలితో తొక్కుతాడు. టోపీ అంచున సగం కోసిన గింజ బ్లేడులా ఉంటుంది. అందుకే అంచులన్నీ ఆకురాయితో 45 డిగ్రీలు వాలుగా రాయండి, మూలలు గుండ్రం చెయ్యండి, చివర్లో సన్న ఎమరీ పేపర్ రుద్దండి. పరీక్ష ఏంటంటే, పాత కాటన్ గుడ్డ అంచు మీద లాగండి. పోగు తట్టుకుంటే పని అవ్వనట్టే.

వట్టి కాలికి ఇంకో సంగతి ఉంది, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఇప్పటిదాకా చెప్పినవి మర్చిపోయినా ఇది మర్చిపోకండి. మెటల్ డబ్బా, గ్రౌండ్, గిటార్ తీగలు అన్నీ ఒకే వైర్‌తో కలిసి ఉంటాయి. ఆ వైరు ఆంప్లిఫయర్ బాడీకి పోతుంది. అక్కడ్నుంచి ఎర్త్‌కి పోవాలి. మన ఊరి ఫంక్షన్లలో ఏం జరుగుతుంది? మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేసి రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెడతారు. ఆంప్లిఫయర్లో ఎక్కడైనా ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకోండి, ఆ కరెంటు మీ తీగల మీద ఉంటుంది. మీరు తడి నేల మీద వట్టి కాలితో, మెటల్ డబ్బా మీద పాదం పెట్టి, చేత్తో మైక్ పట్టుకుంటారు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే 1972లో స్వాన్సీలో స్టేజ్ మీదే, ఎర్తింగ్ సరిగా లేని మైక్ ముట్టుకుని చనిపోయాడు. యార్డ్‌బర్డ్స్ పాటగాడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లో గిటార్ వాయిస్తూ షాక్ కొట్టి పోయాడు. వాళ్ళ దేశంలో, అంత అనుభవం ఉన్నవాళ్ళకే అలా జరిగింది.

చౌక రెండు పిన్నుల అడాప్టర్ పెడితే వేలికి జిల్లుమని సన్నగా తగులుతుంది చూశారా, అది లోపలి కెపాసిటర్ గుండా వచ్చే చిన్న లీకేజ్. మంచి అడాప్టర్ అయితే మిల్లీఆంపియర్ కంటే తక్కువే ఉంటుంది. అసలు ప్రమాదం ఎర్త్ లేని ఆంప్లిఫయర్. పెడల్‌కి 9 వోల్టుల బ్యాటరీ వేసుకున్నా సరే, ఆంప్లిఫయర్ ఎర్త్ లేకపోతే ఆ ప్రమాదం పోదు, ఎందుకంటే కేబుల్ ద్వారా కలిసే ఉంటుంది. కాబట్టి ఎర్త్ పిన్ను పీకొద్దు. సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లైన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కాలి కింద రబ్బరు మ్యాట్ వేసుకోండి. సౌండ్ సిస్టమ్ అతనితో మొహమాటం వద్దు. “అన్నా, ఎర్త్ చూపించు, ఆ తర్వాతే ప్లగ్ పెడతా” అనండి.

డబ్బా విషయంలో మీరు చెయ్యాల్సింది ఒకటి. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక పుల్ల ఇన్‌పుట్ జాక్ బయటి భాగానికి, ఇంకోటి డబ్బాకి, తర్వాత టోపీకి, మూతకి తాకించండి. అన్నిచోట్లా బీప్ రావాలి. రాకపోతే పెయింట్ అడ్డం ఉన్నట్టు. పెయింట్ కరెంటుని ఆపుతుంది. జాక్ కూర్చునే చోట లోపలివైపు గీకేసి, పళ్ళున్న స్టార్ వాషర్ వేసి బిగించండి. ఆ పళ్ళు మెటల్‌ని కొరికి పట్టుకుంటాయి.

చివరికి ఏమైంది?

క్రిస్మస్‌కి ముందు ఆదివారం ఆ పెడల్ మా ఫ్రెండ్‌కి ఇచ్చా. నేను వెనక బెంచీలో కూర్చున్నా. వాడు చెప్పులు బయట వదిలి వచ్చి, ఫస్ట్ పాటలో దాని మీద కాలు పెట్టాడు. టక్ అని చప్పుడు. ఫ్యాను వినపడలేదు. పాట వినపడింది. అయిపోయాక వచ్చి, “కాలికి చల్లగా ఉందిరా” అన్నాడు. సౌండ్ గురించి ఒక్క మాట అనలేదు. అంటే సౌండ్‌లో కంప్లైంట్ లేదన్నమాట!

ఎలక్ట్రిక్ గిటార్, పెడల్ అంటే మనవి కావు, ఫారిన్‌వి అంటారు కొంతమంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచమంతా తిరిగారు. వాయిద్యం ఎక్కడ పుట్టిందనేది కాదు, ఇక్కడి చేతుల్లో ఏమైందనేదే లెక్క. ఈ డబ్బాలో సర్క్యూట్ ఐడియా అమెరికాది, రేకు ఆటోనగర్ లారీ బాడీది, చదును మచ్చ మేస్త్రి గారిది, మచ్చ ఇంకోటి నా బొటనవేలిది.

కోసేముందు ఒకసారి గుర్తు చేసుకోండి: అయస్కాంతంతో చూశామా, మందం కొలిచామా, టెంప్లేట్ మిర్రర్ చేశామా, క్లాంపు బిగించామా, కళ్ళద్దాలు పెట్టుకున్నామా? డ్రిల్ దగ్గర చేతికి గ్లవ్స్ మాత్రం వద్దు, బిట్ గుడ్డని పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా మడతపెట్టండి. తిరిగేది ఏదైనా ఆగాకే రజను తుడవండి, అది కూడా బ్రష్‌తో.

మేస్త్రి గారికి ఈ పెడల్ తీసుకెళ్ళి చూపించా. ఆయన నాబ్‌లు తిప్పలేదు, స్విచ్ నొక్కలేదు. వేలితో అంచంతా ఒకసారి తడిమి చూసి, “ఊ, ఇప్పుడు చేసినట్టుంది” అన్నారు. నాకు అది చాలు. ఉంటా మరి, మళ్ళీ కలుద్దాం. వేళ్ళు జాగ్రత్త.